పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే అమెరికాలో ఎలా ఉంటుంది – నా అనుభవం

మా టెన్త్ మెమోలో పేరు ఒకటే లైను. ముప్పాళ్ళ వెంకట శివ ప్రసాద్. ఇది ఇంటిపేరు, ఇది పెట్టిన పేరు అని వేరే గళ్ళేమీ ఉండవు, మనకి అవసరం కూడా లేదు, ముందొచ్చేది ఇంటిపేరని మా ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు. బీటెక్ అయ్యాక నరసరావుపేటలో పాస్‌పోర్టుకి అప్లై చేయించిన ఏజెంటు ఆ లైను మొత్తం తీసుకెళ్ళి గివెన్ నేమ్ గడిలో కొట్టేశాడు, సర్‌నేమ్ గడి ఖాళీ. ఇదేంటన్నా అంటే "మెమోలో ఎట్టుందో అట్టే ఉండాలి తమ్ముడూ, లేకపోతే అబ్జెక్షన్ పెడతారు, మన ఏరియాలో అందరివీ ఇట్నే" అన్నాడు. అందరివీ అలానే ఉన్న మాట నిజమే, మా బ్యాచ్‌లో సగం మందికి పాస్‌పోర్టులో సర్‌నేమ్ అనేదే లేదు.

వీసా స్టాంపింగ్ అయ్యి పాస్‌పోర్టు చేతికొచ్చాక చూస్తే, సర్‌నేమ్ దగ్గర నాలుగు ముక్కలూ వరసగా ఉన్నాయి, గివెన్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ అని మూడక్షరాలు. అంటే ఫస్ట్ నేమ్ అన్‌నోన్. అమెరికా వీసాలో రెండు గళ్ళలో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండటానికి వీల్లేదు, కాబట్టి ఉన్న పేరు మొత్తం అటు తోసేసి రెండో గడిలో ఇది వేస్తారు. ఇది నా ఒక్కడి కేసు కాదు, పాస్‌పోర్టులో ఒకటే గడి నిండిన వాళ్ళందరికీ ఇదే పద్ధతి. పాస్‌పోర్టు కింద బాణం గుర్తులతో రెండు లైన్లు ఉంటాయి చూడండి మిషన్ చదివేది, అందులో కూడా అంతే, మొదట సర్‌నేమ్, తర్వాత జంట బాణాలు, తర్వాత మిగతా పేరు. జంట బాణాల తర్వాత ఏమీ లేకపోతే ముందున్నదంతా సర్‌నేమే అని మిషన్ అనుకుంటుంది.

అప్పటికి నాకు ఇదేదో ఫార్మాలిటీ అనిపించింది అంతే. డల్లాస్ వచ్చి జాబ్‌లో చేరిన రోజు బ్యాడ్జి ఇచ్చారు, దాని మీద పెద్దక్షరాల్లో ఎఫ్ఎన్‌యూ, కింద చిన్నక్షరాల్లో నా పేరంతా. రిసెప్షన్‌లో అమ్మాయి చాలా మర్యాదగా "హాయ్ ఫ్నూ, ఐ హోప్ ఐ యామ్ సేయింగ్ ఇట్ రైట్" అంది. కాదమ్మా అది పేరే కాదు అని చెప్పడానికి నా దగ్గర అప్పటికి సరిపడా ఇంగ్లీషు ఉంది గానీ ఓపిక లేదు. తర్వాత తెలిసింది మా ఫ్లోర్‌లోనే ఇంకో ఇద్దరు ఫ్నూలు ఉన్నారని, ఒకాయన తమిళాయన, ఇంకొకాయన మన వరంగల్. మీటింగ్ ఇన్వైట్‌లో ఎఫ్ఎన్‌యూ అని కొడితే ముగ్గురం వస్తాం. వరంగల్ అన్న అయితే దానికి అలవాటు పడిపోయి కాఫీ షాపులో కూడా పేరు ఫ్నూ అనే చెప్పేవాడు, మూడక్షరాలే కదా తమ్మీ స్పెల్లింగ్ బాధ లేదు అని.

అసలు బాధ ఆఫీసులో కాదు, బయట. అక్కడ రోజువారీ బతుకులో సర్‌నేమ్ ఎంత పని చేస్తుందో ఇండియాలో కూర్చుంటే అర్థం కాదు. మందుల షాపుకి వెళ్తే కౌంటర్ దగ్గర మొదట అడిగేది లాస్ట్ నేమ్ ఏంటి, తర్వాత డేట్ ఆఫ్ బర్త్. మందు పేరు కూడా అడగరు. నేను ప్రసాద్ అంటాను, ఎందుకంటే నా పేరులో లాస్ట్ ఉన్నది ప్రసాదే కదా, పైగా చిన్నప్పట్నుంచీ నన్ను పిలిచేదీ అదే. ఆవిడ కొట్టి చూసి లేదంటుంది. ముప్పాళ్ళ అని చూడండి అంటాను. ఎలా రాస్తారు అంటుంది. ఎమ్ యాజ్ ఇన్ మేరీ, యూ యాజ్ ఇన్ అంకుల్, పీ యాజ్ ఇన్ పీటర్, ఇంకో పీటర్... అప్పటికి వెనక లైను పెరిగిపోతుంది. దొరుకుతుంది చివరికి, కానీ స్క్రీన్ మీద లాస్ట్ నేమ్ దగ్గర నాలుగు ముక్కలు చూసి ఆవిడ మొహం పెట్టే తీరు వేరే. డాక్టరు ఆఫీసులో ఒకసారి ఎమ్ కింద, ఇంకోసారి పీ కింద రెండు ఫైళ్ళు ఓపెన్ చేశారు నాకు, బీపీ రీడింగులు సగం అందులో సగం ఇందులో.

తర్వాత తర్వాత గమనిస్తే ఒక లెక్క అర్థమైంది. ఎవరన్నా మిమ్మల్ని వెతకాలంటే లాస్ట్ నేమ్ అడుగుతారు, పిలవాలంటే ఫస్ట్ నేమ్ అడుగుతారు. ఫార్మసీ, లైబ్రరీ, హోటల్ చెకిన్, ఎలక్షన్ లిస్టు, పిల్లల స్కూల్ ఆఫీసు ఇవన్నీ వెతికే చోట్లు. కాఫీ షాపు, జిమ్, పక్కింటాయన, మేనేజరు ఇవి పిలిచే చోట్లు. అదే డాక్టర్ ఆఫీసులో కౌంటర్ దగ్గర లాస్ట్ నేమ్ అడిగి, లోపలికి రమ్మనేటప్పుడు నర్సు తలుపు తీసి ఫస్ట్ నేమ్ కేకేస్తుంది, ఫ్నూ అని. హాల్లో అందరూ ఫ్నూ ఎవరా అని చూస్తారు, నేను లేచి వెళ్తా.

మన పద్ధతి చూడండి ఇప్పుడు. మన పేరులో మొదటి ముక్క ఇంటిపేరు, చివరి ముక్క పిలుపు పేరు. వాళ్ళకి మొదటి ముక్క పిలుపు పేరు, చివరిది ఇంటిపేరు. అంటే పూర్తిగా తిరగేసినట్టే. ఇంకో తమాషా ఏంటంటే పొడి అక్షరాల సంగతి. మనం ఇంటిపేరుని పొడి అక్షరం చేసి పిలుపు పేరు పూర్తిగా రాస్తాం, ఎన్.టి. రామారావు అని, ఎం.వి.ఎస్. ప్రసాద్ అని. వాళ్ళు మొదటి పేరుని పొడి అక్షరం చేసి ఇంటిపేరు పూర్తిగా రాస్తారు, జె. స్మిత్ అని. కాబట్టి మన ఎం.వి.ఎస్. ప్రసాద్ వాళ్ళ కంటికి ఎలా కనిపిస్తాడంటే, ఇంటిపేరు ప్రసాద్, ఇంట్లో వాళ్ళు పెట్టిన పేర్లు మూడు, ఏవో చెప్పలేదు.

ఇది నాతో మొదలైంది కూడా కాదు. యల్లాప్రగడ సుబ్బారావు గారు ఉన్నారు కదా, భీమవరంలో పుట్టి 1920ల్లో హార్వర్డ్ వెళ్ళి తర్వాత లెడర్లీ లాబ్స్ అనే మందుల కంపెనీలో పని చేసిన ఆయన. రక్తంలో ఫాస్ఫరస్ లెక్కకట్టే పద్ధతి మీద ఫిస్కే అనే ఆయనతో కలిసి 1925లో వేసిన పేపరు సైన్సులో ఫిస్కే–సుబ్బారో మెథడ్ అనే పేరుతోనే ఉండిపోయింది. అంటే అమ్మానాన్న పెట్టిన పేరు సర్‌నేమ్ అయి కూర్చుంది, యల్లాప్రగడ అనే ఇంటిపేరు ఆ మెథడ్‌లో ఎక్కడా లేదు. ఆయన పేరు మీద ఒక ఫంగస్‌కి కూడా సుబ్బారోమైసిస్ అని పెట్టారు. అలాగే స్టాటిస్టిక్స్ చదివినోళ్ళకి క్రామెర్–రావ్ బౌండ్, రావ్–బ్లాక్‌వెల్ తెలుసు కదా, ఆ రావ్ మన సి.ఆర్. రావు గారు, కల్యంపూడి రాధాకృష్ణారావు. 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో వేసిన పేపరు అది. పాఠ్యపుస్తకాల్లో శాశ్వతంగా నిలిచింది రావు అనే ముక్క. మన ఊళ్ళలో రావు అంటే ఎంతమంది తిరిగి చూస్తారో చెప్పక్కర్లేదు, కానీ ఆ థియరీల వరకు ప్రపంచం మొత్తానికీ రావు అంటే ఒక్కరే. పి.వి. నరసింహారావు గారు ప్రధాని అయినప్పుడు ఇంగ్లీషు పత్రికల్లో ఉత్త రావు అని రాస్తుంటే ఇంట్లో పెద్దాళ్ళు ఏ రావు, ఏంటా రాత అని విసుక్కునేవాళ్ళట.

ఇందులో ఇంకో సంగతి ఉంది, మర్యాద. ఇంగ్లీషు న్యూస్‌లో ఎవరి గురించైనా మొదటిసారి పూర్తి పేరు రాసి, ఆ తర్వాత ఉత్త ఇంటిపేరే వాడతారు. ఒబామా సెడ్, నాదెళ్ల సెడ్. మన చెవికి ఇది వాడు వీడు అన్నట్టు వినిపిస్తుంది గానీ వాళ్ళకి అదే పద్ధతి, అదే గౌరవం, ఫస్ట్ నేమ్ వాడితేనే చనువు తీసుకున్నట్టు. న్యూయార్క్ టైమ్స్ లాంటి ఒకటి రెండు చోట్ల మాత్రం మిస్టర్, మిజ్ తగిలిస్తారు. సత్య నాదెళ్ల గారు 2014లో మైక్రోసాఫ్ట్ సీఈఓ అయినప్పుడు మన పేపర్లు కూడా ఆ వరసలోనే రాశాయి, సత్య ముందు నాదెళ్ల తర్వాత, మన ఊళ్ళో అయితే నాదెళ్ల సత్యనారాయణ అనేవాళ్ళం. బయట వార్తల్లో ఆయన నాదెళ్ల, వాళ్ళ కంపెనీ లోపల అందరికీ సత్య. ఒకే మనిషి, వెతికే పేరు ఒకటి పిలిచే పేరు ఒకటి, సరిగ్గా కుదిరింది ఆయనకి. బ్యాడ్మింటన్ చూసేవాళ్ళు గమనించే ఉంటారు, ఇంటర్నేషనల్ టోర్నీల్లో ఎవరు ఎవరితో ఆడతారో వేసే పట్టికలో సింధు పేరు పూసర్ల అని ఇంటిపేరు పెద్దక్షరాల్లో వేసి సింధు అని మామూలు అక్షరాల్లో వేస్తారు. ఆ పెద్దక్షరాలు ఎందుకంటే, చైనా కొరియా ఆటగాళ్ళకి కూడా మనలాగే ఇంటిపేరు ముందొస్తుంది కాబట్టి ఏది ఏదో తెలియాలి. కామా కూడా అదే పని చేస్తుంది. ఇంటిపేరు ముందు రాసి కామా పెట్టి తర్వాత పేరు రాస్తే తిరగేసి చదువుకోమని అర్థం. ముప్పాళ్ళ, ప్రసాద్. ఆ ఒక్క కామా మా టెన్త్ మెమోలో ఉండుంటే ఎంత బాగుండేదో అని చాలాసార్లు అనుకున్నా.

మిస్టర్ సంగతి వేరే కథ. మిస్టర్, మిసెస్, డాక్టర్, ప్రొఫెసర్ ఇవన్నీ ఇంటిపేరుకే తగిలిస్తారు, ఫస్ట్ నేమ్‌కి తగిలించరు. మిస్టర్ ప్రసాద్ అని మనం ఇండియాలో హాయిగా వాడేది వాళ్ళ లెక్కలో ప్రసాద్ అనే ఇంటిపేరు గల మనిషి. కానీ దీనికీ ఒక మినహాయింపు ఉంది, టెక్సాస్‌లో, మామూలుగా సౌత్ స్టేట్స్‌లో, డేకేర్ టీచర్లని పిల్లలు మిస్ లిండా, మిస్ యాష్లీ అని ఫస్ట్ నేమ్‌కి మిస్ తగిలించి పిలుస్తారు. నాకది వినగానే ప్రాణం లేచొచ్చింది, మన లిండా గారు, యాష్లీ గారు లాగానే ఉంది కదా. స్కూల్లో చేరాక మాత్రం మళ్ళీ మిసెస్ ఫలానా అని ఇంటిపేరే.

ఆఫీసులో ఇద్దరు మైక్‌లు ఉండేవాళ్ళు, ఒకాయన్ని అందరూ మైక్ అనేవాళ్ళు, రెండో ఆయన్ని ఇంటిపేరుతో, అదేదో పోలిష్ పేరు, నోరు తిరగదు, దాంతోనే పిలిచేవాళ్ళు. మొదట్లో ఆ రెండో ఆయనంటే వీళ్ళకి పడదేమో అనుకున్నా. కాదు, ఆయన ఆర్మీలో చేసొచ్చాడు, అక్కడ యూనిఫామ్ మీద ఉండేది ఇంటిపేరే, ఫుట్‌బాల్ టీముల్లో కోచ్ అరిచేదీ ఇంటిపేరే, జెర్సీ వెనక ఉండేదీ అదే, కాబట్టి మగాళ్ళ మధ్య ఇంటిపేరుతో పిలుచుకోవడం దోస్తీ కిందే లెక్క. మనకీ ఇలాంటిదే ఒకటి ఉంది లెండి, ఊళ్ళో ఇద్దరు శీనులుంటే ఇంటిపేరు తగిలించి ఫలానా శీను అంటాం, కానీ శీనుని తీసేసి ఉత్త ఇంటిపేరుతో పిలవాలంటే కాస్త కోపం వచ్చి ఉండాలి.

సరే, పేరు విడగొట్టించాలని ఎందుకు పట్టుబట్టానంటే, మా బాబు పుట్టాక. హాస్పిటల్లో బర్త్ సర్టిఫికెట్ కోసం ఫామ్ ఇస్తారు, అందులో తండ్రి పేరు, తల్లి ఇప్పటి పేరు, మళ్ళీ తల్లికి మొదటి పెళ్ళికి ముందున్న పేరు అని వేరే గడి. మా ఆవిడ పెళ్ళయ్యాక పాస్‌పోర్టులో పేరు మార్చుకోలేదు, పుట్టింటి ఇంటిపేరే సర్‌నేమ్ గడిలో ఉంది, వాళ్ళ నాన్న గవర్నమెంటు టీచరు కాబట్టి ముందుచూపుతో సరిగ్గా నింపించారు. సో ఆమెకి రెండు గళ్ళలోనూ ఒకటే. ఆ తల్లి పుట్టింటి పేరు అక్కడ చాలా పెద్ద సంగతి, బ్యాంకులు సెక్యూరిటీ ప్రశ్నగా వాడేది, బయటోళ్ళకి తెలియదు అనే నమ్మకంతో. మన దగ్గర పెళ్ళిపిలుపులోనే అచ్చేసి ఊరంతా పంచుతాం. బాబుకి సర్‌నేమ్ ముప్పాళ్ళ అని పెట్టాం. ఇప్పుడు ఇంట్లో ముగ్గురికి మూడు సర్‌నేమ్‌లు. బాబుది ముప్పాళ్ళ. వాళ్ళమ్మది వాళ్ళ పుట్టింటి పేరు. నాది కాగితాల ప్రకారం ముప్పాళ్ళ వెంకట శివ ప్రసాద్ మొత్తం. పీడియాట్రీషియన్ దగ్గర, డేకేర్ దగ్గర, ఎక్కడికెళ్ళినా "ఆర్ యూ ది ఫాదర్?" అనే ప్రశ్న. అడిగే వాళ్ళ తప్పేం లేదు, పిల్లాడి ఇంటిపేరు మనిషి ఇంటిపేరు కలవకపోతే అక్కడ ఆగి చూసుకోమనే వాళ్ళకి నేర్పిస్తారు. పక్కింటి పెద్దావిడ క్రిస్మస్‌కి గ్రీటింగ్ కార్డు ఇచ్చింది, కవరు మీద "ది ప్రసాద్స్" అని. ఇంటిల్లిపాదినీ కలిపి ఇంటిపేరుకి ఎస్ తగిలించి అలా రాస్తారు. మా ఆవిడ అది చూసి "నేనెప్పుడయ్యా ప్రసాద్స్‌లో చేరింది, బాబు కూడా ప్రసాద్ కాదే" అని నవ్వింది. తర్వాత సీరియస్‌గా "నీ పేరు ముందు తేల్చు" అంది.

అదే టైములో దుబాయ్ గొడవ కూడా అయింది. 2022 నవంబరులో యూఏఈ వాళ్ళు పాస్‌పోర్టులో ఒకే పదం పేరుగా ఉన్నవాళ్ళని విజిట్ వీసా మీద రానివ్వం అన్నారు కదా, తర్వాత రెండో పేజీలో తండ్రి పేరు ఉంటే ఒప్పుకుంటాం అని సర్దారు. నాది నాలుగు ముక్కలు కాబట్టి నాకు నేరుగా తగల్లేదు గానీ, మా పెదనాన్న వాళ్ళ వైపు గల్ఫ్‌కి తిరిగే వాళ్ళందరూ ఫోన్లు, ఏంట్రా ఈ సర్‌నేమ్ గోల అని. ఆ దెబ్బతో నేనూ కదిలా.

ప్రాసెస్ చెప్తా. ఇది పేరు మార్పు కాదు, ఉన్న పేరునే రెండు గళ్ళలోకి విడగొట్టడం, ఈ తేడా అప్లికేషన్‌లో స్పష్టంగా కనపడాలి. పాస్‌పోర్టు రీ-ఇష్యూ కింద, ఉన్న వివరాల్లో మార్పు అని పెట్టి, సర్‌నేమ్ దగ్గర ముప్పాళ్ళ, గివెన్ నేమ్ దగ్గర వెంకట శివ ప్రసాద్ అని నింపా. దాంతో ఒక అఫిడవిట్, ఈ రెండు పేర్లూ ఒకే మనిషివి, ముక్కలేమీ కలపలేదు తీయలేదు అని రాసి నోటరీ చేయించాలి. నోటరీకి నేను బ్యాంకుకి వెళ్ళా, అకౌంటు ఉన్నవాళ్ళకి ఫ్రీగా చేశారు. నోటరీ ఆయన నా లైసెన్సు చూసి, అఫిడవిట్ చూసి, "సో యువర్ ఫస్ట్ నేమ్ ఈజ్ నౌ నోన్" అన్నాడు. మంచి జోకే, నేను తర్వాత చాలామందికి చెప్పా. ఫోటో సైజు తేడా అని ఒకసారి తిప్పి పంపారు, అది మామూలే, ఫోటో ఒక్కటి జాగ్రత్తగా కొలిచి పంపండి.

కొత్త పాస్‌పోర్టు వచ్చింది, కానీ కథ సగమే. వీసా పాత పాస్‌పోర్టులో పాత పేరుతో ఉంది, ఐ-94, అంటే అమెరికాలోకి వచ్చినట్టు రాసుకునే రికార్డు, పాత పేరుతో ఉంది, హెచ్1 అనే ఉద్యోగ వీసా అప్రూవల్ పాత పేరుతో ఉంది. మా ఆఫీసు లాయరు చెప్పింది ఏంటంటే, కంగారుపడి ఊళ్ళో ఉన్న ఆఫీసులన్నిటికీ పరిగెత్తొద్దు, తర్వాతి హెచ్1 ఎక్స్‌టెన్షన్ కొత్త పేరుతో వేద్దాం, అందులో ఇంతకుముందు వాడిన పేర్లు అనే గడి ఉంటుంది, పాతది అక్కడ రాద్దాం, ఇండియా వెళ్ళి స్టాంపింగ్ చేయించుకుని రా, వచ్చేటప్పుడు ఐ-94 దానంతటదే కొత్త పేరుతో వస్తుంది అని. అలానే చేశాం. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో ఉన్న అమెరికా కాన్సులేట్‌లో స్టాంపింగ్ అయ్యి వీసా పేజీ చేతికొచ్చినప్పుడు సర్‌నేమ్ ముప్పాళ్ళ, గివెన్ నేమ్ వెంకట శివ ప్రసాద్ అని చూసి నాకు నిజంగా గర్వంగా అనిపించింది, నాన్నకి వాట్సాప్‌లో ఫోటో పెట్టా. ఆయన "ఇందులో కొత్త ఏముందిరా, నీ పేరే కదా" అన్నారు.

తిరిగొచ్చాక వరస ముఖ్యం. ముందు సోషల్ సెక్యూరిటీ, అంటే అక్కడ జీతానికీ పన్నుకీ వాడే నంబరు ఇచ్చే ఆఫీసు, ఎందుకంటే మిగతావన్నీ దాంతో సరిచూసుకుంటాయి. ఎస్ఎస్-5 అనే ఫామ్, ఫీజు లేదు, నంబరు మారదు, కొత్త పేరుతో కార్డు పోస్టులో వస్తుంది. దాని తర్వాత డ్రైవింగ్ లైసెన్సు. టెక్సాస్ లైసెన్సులో మొదటి లైను ఇంటిపేరు, రెండో లైను మిగతా పేరు, పక్కన ఒకటి రెండు అని చిన్న నంబర్లు కూడా ఉంటాయి, ఇన్నాళ్ళు ఆ రెండో లైన్లో ఎఫ్ఎన్‌యూ మోశా. ఆ తర్వాత ఆఫీసు పేరోల్, ఇది లేట్ చేయొద్దు, ఏడాది అయ్యాక ఇచ్చే డబ్ల్యూ-2, అంటే జీతం, పన్ను లెక్కల కాగితం, దాని మీద పేరు, సోషల్ సెక్యూరిటీ రికార్డులో పేరు కలవాలి. తర్వాత బ్యాంకు, ఇన్సూరెన్సు, కారు టైటిలు. మన అప్పుల చరిత్ర రాసుకునే క్రెడిట్ బ్యూరోలు మూడు ఉన్నాయి కదా, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్, వాటికి విడిగా చెప్పక్కర్లేకపోయింది, బ్యాంకు మార్చాక అవే పట్టుకున్నాయి, పాత పేరుని ఇతర పేర్లు అని కింద ఒక లైన్లో ఉంచాయి. ఫ్నూ అక్కడ ఇంకా బతికే ఉన్నాడు. ఇండియా వైపు ఆధార్‌లో పేరుకి ఒకటే గడి, అక్కడేమీ చెయ్యలేదు. డిగ్రీ సర్టిఫికెట్లలో కూడా ఒకటే లైను, విడగొట్టడమే కదా, ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఫార్మసీలో లాస్ట్ నేమ్ అనగానే ముప్పాళ్ళ అంటా, మొదటి మూడక్షరాలు చెప్పేసరికి దొరుకుతోంది, మా ఏరియాలో ఎమ్‌యూపీతో మొదలయ్యేది నేనొక్కడినేనేమో. 2010 సెన్సస్‌లో అమెరికాలో స్మిత్‌లు 24 లక్షల పైనే, వాళ్ళ బాధ వేరే రకం, డేట్ ఆఫ్ బర్త్ చెప్తే గానీ దొరకరు. బాబు స్కూల్ ఆఫీసులో ఆర్ యూ ది ఫాదర్ అడగడం ఆగిపోయింది. పక్కింటి పెద్దావిడ ఈసారి కవరు మీద ముప్పాళ్ళాస్ అని రాసింది, పీ ఒకటి తగ్గింది, ఎల్ ఒకటి ఎక్కువైంది. మా ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోలేదు, పైన పెన్నుతో తన ఇంటిపేరు కూడా రాసి ఫ్రిజ్ మీద అంటించింది.

ఒకటి మాత్రం పూర్తిగా తేలలేదు. విడగొట్టాక గివెన్ నేమ్‌లో మూడు ముక్కలున్నాయి కదా, ఇక్కడి సిస్టమ్స్ మొదటి ముక్క ఫస్ట్ నేమ్, మిగతావి మిడిల్ నేమ్ అనుకుంటాయి. దాంతో ఫ్నూ పోయి వెంకట వచ్చాడు. నన్ను పుట్టాక వెంకట అని ఎవరూ పిలవలేదు, మా ఇంట్లో ప్రతి మగాడి పేరులోనూ వెంకట ఉంటుంది, అది దేవుడి కోసం పెట్టింది. విమానం టికెట్లో అయితే ఖాళీలు కూడా లేకుండా వెంకటశివప్రసాద్ అని అతికించేస్తారు. ఆఫీసులో ప్రిఫర్డ్ నేమ్ అని ఒక సెట్టింగ్ ఉంది, అందులో ప్రసాద్ పెట్టుకున్నా, చాట్‌లో సరిగ్గానే వస్తుంది, బ్యాడ్జి మీద మాత్రం లీగల్ నేమే వెయ్యాలట. కాబట్టి కొత్తగా చేరినవాళ్ళు లిఫ్టులో హాయ్ వెంకటా అంటారు. మా టీములో ఇంకో నలుగురు వెంకటలు, ముగ్గురు సాయిలు, ఒక నాగ ఉన్నారు, అందరి అసలు పిలుపు పేర్లు మిడిల్ నేమ్‌లో దాక్కున్నాయి. సిటిజన్‌షిప్ అప్లికేషన్‌తో పాటే, సిటిజన్‌గా చేయించే ప్రమాణం (ఓత్) కోర్టులో జరిగితే, పేరు మార్చమని అడగొచ్చు, అప్పుడు ప్రసాద్‌ని ముందుకి తెచ్చుకోవచ్చు, కానీ గ్రీన్‌కార్డు క్యూలో ఉన్న మనం ఇప్పట్నుంచీ దాని గురించి మాట్లాడుకోవడం ఎందుకు.

మొన్న మా అక్క కొడుకు పాస్‌పోర్టుకి అప్లై చేస్తూ ఫామ్ ఫోటో తీసి పంపాడు, సబ్మిట్ కొట్టకముందే చూడమని. సర్‌నేమ్‌లో ఇంటిపేరు పెట్టాడు, గివెన్ నేమ్‌లో వెంకట సాయి కార్తీక్. మెమోలో కూడా అదే వరస కాబట్టి ఏం చెయ్యలేం. "అక్కడికెళ్తే నిన్ను వెంకట అంటార్రా" అని చెప్పా. "పర్లేదు మామయ్యా, మా క్లాసులో కార్తీక్‌లు ఆరుగురు" అన్నాడు.